తెర మీది పాక, చేలో పాక



ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసింది. ప్రత్తిపాడు పక్క పల్లె నుంచి ఒక తమ్ముడు రాశాడు. డిగ్రీ అయిందట. నాన్నగారి ఎకరం చేను ఉందట. చేతిలో రెండు లక్షలున్నాయట. "అన్నా! చేలో ఒక పాక వేసుకుని, కరెంటు లైను లేకుండా, ఊరి గొడవ లేకుండా ఒక ఏడాది కూర్చుని సినిమా కథ రాద్దామనుకుంటున్నా. 'రంగస్థలం'లో లాంటి పాక కావాలి. ఎలా వెయ్యాలో చెప్పు" అని.

చూశారా, ఎంత ముచ్చటైన కోరికో! ఇది ఈ తమ్ముడొక్కడిదే కాదు. వెండితెర మీద చేను గట్టున పాక, పక్కన తాటిచెట్టు, అరుగు మీద లాంతరు కనిపించగానే "హాయిగా అక్కడుంటే ఎంత బాగుండు!" అని నిట్టూర్చని కుర్రాడు మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నాడంటారా? నేనూ నిట్టూర్చాను. అంతటితో ఊరుకోలేదు, వేశాను కూడా! ఒకసారి కాదు, రెండుసార్లు. అందుకే ఈ వారం షూటింగు కబుర్లు పక్కనపెట్టి ఆ సంగతి చెప్తాను. సినిమా కథ రాయబోయే తమ్ముడికి ఇదీ పనికొచ్చే కథే.

మూడు గోడల ఇల్లు

ముందు తెర మీది పాక సంగతి చూద్దాం. 1967లో బాపుగారు తన మొదటి సినిమా 'సాక్షి'ని గోదావరి పక్క పులిదిండి పల్లెకు వెళ్ళి తీశారు. అక్కడి ఇళ్ళు నిజం ఇళ్ళు, అక్కడి ఎండ నిజం ఎండ. 2018లో వచ్చిన 'రంగస్థలం'కి గోదావరి పక్క కొంత తీసి, ఊరి సెట్టు హైదరాబాదులో వేశారు. ఆర్టు డైరెక్టర్లు రామకృష్ణ, మోనిక గార్ల పనితనం చూసి అది సెట్టంటే నమ్మని వాళ్ళెందరో! ఏమాటకామాటే చెప్పుకోవాలి, అది గొప్ప విద్య.

కాని తమ్ముడూ, సెట్టు పాకను ఎవరికోసం వేస్తారు? కెమెరా కోసం. కెమెరాకి అడ్డమొస్తే నాలుగో గోడ ఉండదు. కాల్షీట్లు ఉన్నన్నాళ్ళు నిలబడితే చాలు. వాన కావాలంటే ట్యాంకరు వస్తుంది, వద్దంటే ఆగుతుంది. హీరోగారు చీకటి పాకలో దీపం వెలిగిస్తుంటే, ఆ చీకటిని తయారు చెయ్యడానికి కాస్త దూరంలో జనరేటరు వ్యాను గుడగుడలాడుతూ ఉంటుంది! కరెంటు లేని పాకకి అంత కరెంటు కావాలన్నమాట.

ఈ తేడా నాకు తెలుసు. షూటింగులు చూసి రాసి బతికేవాణ్ణి, తెలియకేం? తెలిసీ పప్పులో కాలేశాను. అదీ విచిత్రం!

మొదటి పాక

మాది పెదనందిపాడు వైపు ఊరు. నిఖార్సయిన నల్లరేగడి. పత్తి, మిరప. నాన్నగారు పోయాక చేను బాబాయి చేస్తున్నాడు. మిరపకాయలు ఎండబోసే కల్లం పక్కన పది సెంట్ల గట్టు నేల ఉంది. 2023 ఫిబ్రవరిలో అక్కడ పాక వేయించాను. అమ్మ గాజుల మీద తెచ్చిన డబ్బు, నా వ్యాసాల డబ్బు కలిపి ఎనభై అయిదు వేలు.

ప్లాను నాదే. ఫోన్లో దాచుకున్న సినిమా స్టిల్సు చూపించి "అచ్చం ఇలా ఉండాలి" అన్నాను. సూర్యాస్తమయం కనపడాలని పడమటికి నిలువెత్తు కిటికీ. పాట సీనులో మాదిరి చూరు నాలుగడుగులు ముందుకు. లోపల విశాలంగా కనబడాలని ఒకే ఒక నిట్రాడు. స్తంభాలు అడుగున్నర లోతున పాతారు. నేల మట్టానికే ఇటుకలు పరిచి సిమెంటు పూశారు.

పాక వేసిన పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, "ఏందబ్బాయ్ ఇది? గాలికా, గౌరవానికా?" అన్నాడు. నేను నవ్వేసి ఫోటో తీసుకున్నాను. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ఇప్పటికీ ఉంది.

మే నెలలో మొదటి పాఠం. మన జిల్లాల ఎండ సంగతి కొత్తగా చెప్పాలా? పల్నాడులో రెంటచింతల పేరు వేసవి వార్తల్లో రాకుండా ఏడాది గడవదు. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా నా పడమటి కిటికీలోంచి వడగాలి, ఎండ కలిసి వచ్చి మంచం మీద పడుకునేవి. నేను పడుకోవడానికి చోటు లేదు!

ఆగస్టులో రెండో పాఠం. నల్లరేగడికి ఒక గుణం ఉంది. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని చెయ్యి దూరేటంత నెరియలు తీస్తుంది. పత్తి వేరుకి ఆ గుణం వరం, ఇంటి పునాదికి శాపం. వానలకి మట్టి ఉబ్బింది. నా సిమెంటు నేల మధ్యలో అప్పడంలా లేచి ఈ గోడ నుంచి ఆ గోడకి బీటలిచ్చింది. ఆ బీటలోంచి ఒక రాత్రి కట్లపాము బయటికొచ్చింది. ఆ రాత్రే నేను గుంటూరు బస్సెక్కాను.

ఇక్కడి దాకా కామెడీ ట్రాకు. నవ్వుకోండి, ఫరవాలేదు.

డిసెంబరు 5

నవంబరులో పత్తి తీతకు కర్నూలు జిల్లా నుంచి కూలీలు వచ్చారు. ఏటా వచ్చేదే. ఆదోని, మంత్రాలయం, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు పత్తికి, ఆ తర్వాత మిరపకోతలకు మన వైపు వస్తాయి. ఊరి చివర పట్టాలు కట్టుకుని, మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని నెలల తరబడి ఉంటారు. వాళ్ళకీ కరెంటు లైను లేదు, కుళాయి లేదు. మనం ముచ్చటపడే "ఏ లైనూ లేని బతుకు" వాళ్ళు ఏ ముచ్చటా లేకుండా బతుకుతున్నారు!

భార్యాభర్తలు, పది నెలల పాప. మా బాబాయి ఫోన్ చేసి, "ఒరేయ్, నీ పాక ఖాళీగానే ఉందిగా, వీళ్ళని ఉండమంటన్నా" అన్నాడు. "ఉండనీ బాబాయ్" అన్నాను. మంచిపని చేసినట్టు లోలోపల కాస్త గర్వం కూడా!

డిసెంబరు 3 నుంచి వాన. మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటుతుందన్నారు. మాకు బాపట్ల ఎంత దూరం గనక! 4వ తేదీ సాయంత్రం బాబాయి టార్చిలైటు పట్టుకుని వెళ్ళి, "ఈ పాకలో ఉండొద్దు, బడికి పదండి" అన్నాడు. సామానంతా సర్దుకుని తర్వాత వస్తామన్నాడట ఆ భర్త. బాబాయి వినలేదు, పాపని తనే ఎత్తుకుని నడిచాడు. వెనకాల వాళ్ళూ నడిచారు.

5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకి తొంభై, వంద కిలోమీటర్ల గాలి. నేను 7వ తేదీన వెళ్ళాను.

కప్పు లేదు. నా నాలుగడుగుల చూరు కింద గాలి దూరి, గొడుగు తిరగబడ్డట్టు మొత్తాన్ని లేపి పక్క చేలో పారేసింది. నిట్రాడు విరిగి గదికి అడ్డంగా పడుంది. నిట్రాటికీ వాసానికీ కట్టిన చీర ఉయ్యాల ఇంకా అలాగే ఉంది. దాని మీదుగా దూలం పడుంది.

నాకు నోట మాట రాలేదు. ఆ అమ్మాయి వచ్చి, దూలం పక్కకు జరిపి, చీర ముడులు విప్పింది. బురద దులిపి మడత పెట్టుకుంటూ, "చీర బాగానే ఉండాది లే సారూ" అంది. నన్ను ఓదార్చడానికి!

బాబాయి ఆ సాయంత్రం టార్చిలైటు పట్టుకుని కదలకపోతే? ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు. సెట్టు కూలిపోతే నిర్మాతకి నష్టం. పాక కూలిపోతే లోపల మనుషులుంటారు. వేసినవాడు ఉండకపోయినా ఎవరో ఒకరు ఉంటారు. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు ఎనభై అయిదు వేలు, ఒక తుఫాను కావలసి వచ్చాయి.

గాలిని అడిగి వేసిన పాక

1977 నవంబరు 19 ఉప్పెన కథ మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. దివిసీమలో వేలమంది పోయారు. రామారావుగారు, నాగేశ్వరరావుగారు వీధుల్లోకొచ్చి విరాళాలు అడిగిన రోజులవి. మన తీరంలో ఇల్లు కట్టేవాడు ఆ తేదీని మరిచిపోకూడదు. మా పాకలేసే పెద్దాయనకి అప్పటికి పన్నెండేళ్ళట. "గాలిని అడిగి పాకెయ్యాలబ్బాయ్" అన్నాడు. 2024 వేసవిలో రెండో పాక ఆయన చెప్పినట్టు వేశాం. అప్పు తీరడానికి ఏడాది పట్టింది, అది వేరే సంగతి. తమ్ముడూ, ఇక్కడినుంచి కాగితం, పెన్సిలు తీసుకో.

నేల: పాక వేసే చోట రెండడుగుల నల్లమట్టి తీసి పారేశాం. ఆ గోతిలో ఎర్ర గ్రావెలు పొరలు పొరలుగా పోసి, నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టాం. చుట్టుపక్కల మట్టం కన్నా మరో రెండడుగులు ఎత్తు లేపాం. చుట్టూ మూడడుగుల వెడల్పున మాచర్ల నాపరాళ్ళు బయటికి వాలుగా పరిచాం. పునాది పక్కన నీరు నిలవకపోతే రేగడి ఆగడం సగం తగ్గుతుంది. పెద్ద మేడలకైతే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్ళు చెప్పిన పద్ధతి ఉంది. అడుగున ఉబ్బుగా ఉండే కాంక్రీటు కాళ్ళను మూడున్నర మీటర్ల లోతుకి దింపుతారు. అక్కడ మట్టి పెద్దగా కదలదు. మన పాకకి అంత అవసరం లేదు. బరువు తక్కువగా, నేల కాస్త కదిలినా తనూ కాస్త వంగేటట్టు ఉంటే చాలు.

స్తంభాలు: పన్నెండడుగులు ఇంటూ పదహారడుగుల పాకకి ఎనిమిది సరుగుడు బాదులు. నాలుగడుగుల లోతు. అడుగున అడ్డంగా ఒక కర్ర మేకు దిగ్గొట్టి చుట్టూ కాంక్రీటు పోశాం, గాలి పైకి లాగితే ఊడి రాకుండా. మట్టిలో ఉండే భాగానికి చెద పట్టకుండా తారు పూశాం.

గోడలు: వెదురు తడికలు, రెండు పక్కలా ఎర్రమట్టి, గడ్డి కలిపిన మెత్తుడు. నల్లమట్టితో మెత్తితే ఎండగానే పెళ్ళలు ఊడతాయి. పడమటి గోడకి జానెడు గవాక్షం ఒక్కటే. తూర్పున తలుపు, దక్షిణం, ఉత్తరం కిటికీలు. సాయంత్రం సముద్రం మీదినుంచి వచ్చే పైరగాలి దారి అది. సూర్యాస్తమయం చూడాలంటే? లేచి బయటికి రావాలి. ఏం, కాళ్ళు లేవా!

కప్పు: రెండు వాలులు కాదు, నాలుగు వాలులు. గాలి ఎటునుంచి వచ్చినా ఒరుసుకుని పోతుంది. చూరు అడుగున్నరకి మించనివ్వలేదు. ప్రతి వాసాన్నీ దూలానికి ఇనప తీగతో కట్టాం. తాటాకు మీద తాడు వల పరిచి, చివరలు స్తంభాలకి బిగించాం. తాటాకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి, ఆ ఖర్చు ముందే రాసుకో. ముందున్న వరండాకి రేకులు వేశాం. ఆ రేకుల కప్పుని అసలు కప్పుకి తగిలించలేదు. పెనుగాలికి ముందు ఎగిరేది వరండాయే. అది పోతే పోనీ, పాకను కూడా వెంట తీసుకుపోకూడదు.

నీళ్ళు: ఆ రేకులు ఊరికే వెయ్యలేదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. నా వరండా తొమ్మిది చదరపు మీటర్లు. మన వైపు ఏడాదికి ఎనిమిది, తొమ్మిది వందల మిల్లీమీటర్ల వాన. కారిపోయేది, ఆవిరయ్యేది పోను ఆరువేల లీటర్లు లెక్కేసుకోవచ్చు. తాగడానికి, వంటకి రోజుకి ఇరవై లీటర్ల చొప్పున మూడువందల రోజులు! అన్నీ ఒక్కసారే కురవవు కాబట్టి నిలవ ఉంచే తొట్టి పెద్దదుండాలి. తొలివాన నీళ్ళు వదిలెయ్యాలి, తాగేవి కాచుకోవాలి. బోరు ఉందిగా అంటావా? కనిగిరి వైపు నేస్తాలను అడుగు, ఫ్లోరైడు నీళ్ళు ఎముకల్ని ఏం చేస్తాయో చెప్తారు. ఏ బోరు నీళ్ళయినా పరీక్ష చేయించకుండా నోట్లో పోసుకోవద్దు.

కరెంటు: లైను లేదంటే చీకటి అని కాదు. తొమ్మిది వాట్ల దీపాలు నాలుగు, అయిదు గంటలు వెలిగితే 180 యూనిట్లు కాదు బాబూ, 180 వాట్ అవర్లు! ముప్ఫై వాట్ల కొత్తరకం ఫ్యాను పది గంటలు తిరిగితే 300. ఫోను ఛార్జింగుతో కలిపి 500 పైచిలుకు. రెండువందల వాట్ల సౌర పలక మంచి ఎండలో, పోయింది పోను, రోజుకి ఏడువందల దాకా ఇస్తుంది. పన్నెండు వోల్టుల వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1200 ఉంటుంది గాని, మామూలు బ్యాటరీని సగానికి మించి వాడితే తొందరగా చస్తుంది. అంటే నికరంగా ఆరువందలు. సరిపోయింది కదా? పాతరకం ఫ్యాను పెడితే డెబ్భై అయిదు వాట్లు తింటుంది, అర్ధరాత్రికే దీపం ఆర్పేస్తుంది. మిరప కల్లం దుమ్ము పలక మీద పేరుకుంటుంది, వారానికోసారి తుడవాలి. 2024లో మొదలైన సూర్యఘర్ రాయితీ లైను కనెక్షనున్న ఇళ్ళకి, మనలాంటి పాకలకి రాదు. అది నమ్ముకుని అప్పు చెయ్యకు.

మంచం: కచ్చితంగా ఉండాలి, దోమతెరతో సహా. కట్లపాము కరిచేది ఎక్కువగా రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ళనే. ఇంకేం చెప్పను!

ఇక పాసుపుస్తకం ఎవరి పేరనుందో, పంచాయతీ వాళ్ళేమంటారో ముందే అడిగి రా.

దొరగారి పాక

ఇలాంటి పాక ముచ్చటకి ప్రపంచంలో పెద్దన్న ఒకాయన ఉన్నాడు. అమెరికాలో థోరో. 1845లో వాల్డెన్ చెరువు పక్క పదడుగులు ఇంటూ పదిహేనడుగుల పాక వేసుకుని రెండేళ్ళ రెండు నెలలు ఉన్నాడు. ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లని పైసాతో సహా రాసిపెట్టాడు. ఆయన వ్యాసాలు చదివినవాళ్ళల్లో గాంధీగారూ ఉన్నారు.

ఆ లెక్కలో ఒక పద్దు నన్ను ఆపేసింది. పాకకి కావలసిన చెక్కల కోసం ఆయన రైలు దారి మీద పనిచేసే ఒక ఐరిష్ కూలీ గుడిసెను నాలుగు డాలర్ల పాతిక సెంట్లకి కొన్నాడు. ఆ కుటుంబం మర్నాడు పొద్దున్నే సామాను మూటగట్టుకుని వెళ్ళిపోయింది. ఆయన గుడిసె విప్పి చెక్కలు బండిమీద వేసుకున్నాడు. వెళ్ళిపోయినవాళ్ళు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారో పుస్తకంలో లేదు. నాకు మాత్రం మా పక్క చేలో పడున్న తాటాకు కప్పు కనిపించింది.

అలా కాకుండా చేసినవాళ్ళు మన తెలుగునేల మీదే ఉన్నారు. 1990లో అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర ముప్ఫై రెండెకరాల బీడు కొని 'తింబక్టు' అని పేరు పెట్టుకుని మట్టి ఇళ్ళు వేసుకుని, సూర్యుడి కరెంటుతో కాపురం పెట్టారు కొందరు. తమ ఇల్లు అయింది కదా అని తలుపు వేసుకోలేదు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులతో, ఆడవాళ్ళతో సంఘాలు కట్టారు, కొండలకి పచ్చదనం తెచ్చారు. ఊరికి దూరంగా వేసినా ఊరి వైపు తలుపున్న ఇళ్ళు అవి.

తాళంచెవి ఎవరి దగ్గర?

నా రెండో పాక తాళంచెవి బాబాయి దగ్గర ఉంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా నాది. నవంబరులో ఆ కర్నూలు కుటుంబం వస్తుంది. పత్తి అయ్యాక మిరపకోతలకి మార్చి దాకా ఉంటుంది. కల్లంలో కాయలకి రాత్రిపూట కాపలా వాళ్ళదే. ఉయ్యాల కట్టే వాసానికి ఇప్పుడు రెండు చుట్లు తీగ ఎక్కువ బిగించాం. పాప ఉయ్యాల వయసు దాటింది, ఫ్యాను స్విచ్చి నొక్కడం నేర్చుకుంది.

అయినా తుఫాను కబురొస్తే? బడికే! ఎంత గట్టి పాకైనా అది పాకే. ఆ మాట తలుపు లోపలి పక్క సున్నంతో రాశాం. చదవడం రానివాళ్ళకి బాబాయి టార్చిలైటు ఉంది.

కాబట్టి తమ్ముడూ, నీ రెండు లక్షలు ఇప్పుడే తియ్యకు. ఈ మిరపకోతల్లో పది రాత్రులు మీ కల్లంలో పడుకో. మంచు ఎటు కురుస్తుందో, గాలి ఎటు తిరుగుతుందో, అక్కడ ఎవరెవరు పడుకుంటున్నారో చూడు. వాళ్ళతో మాట్లాడు. నీ పాక ప్లాను వాళ్ళే చెప్తారు. కథ కూడా వాళ్ళ దగ్గరే దొరకొచ్చు.

నా కథ సంగతంటావా? నాలుగేళ్ళ నుంచీ ఇంటర్వెల్ దగ్గరే ఆగి ఉంది. పాకది తప్పు కాదు!

మళ్ళీ వారం కలుద్దాం. ఉత్తరాలు రాస్తూ ఉండండి.